పాలబంధం: పరాయి ఒడిలో పెరిగిన పసికందులు

తల్లికి దూరమైన పసికందు తన హక్కు ఇదని చెప్పుకోలేదు. ఎవరో ఒకరు ఎత్తుకుంటేనే దానికి బతుకు. అటువంటి శిశువును ఒక సమాజం ఎవరి చేతుల్లో పెట్టింది, ఎంతకాలం కాపాడింది, ఆ శిశువు పేరును, వంశాన్ని, ఆస్తిని ఏం చేసింది అన్న ప్రశ్నలకు వచ్చే జవాబులే ఆ సమాజపు నాగరికతకు నిజమైన కొలమానం.

నేటి ముస్లిం సమాజంలో "ఇస్లాంలో దత్తత లేదు" అన్న మాట తరచుగా వినిపిస్తుంది. ఆ మాట నిజమే. కాని దానినుండి చాలామంది తీసే అర్థం మాత్రం నిజం కాదు. అనాథ శిశువును ఇంటికి తెచ్చుకొని పెంచడం షరీఅత్‌కు విరుద్ధమని, చందా ఇచ్చి అనాథశాలకు అప్పగించడంతో బాధ్యత తీరిపోతుందని భావించేవారు తక్కువేమీ లేరు. పిల్లలు లేని దంపతులు మనసులో కోరిక ఉండి కూడా వెనుకంజ వేస్తున్నారు. మరోపక్క తల్లి ఒడి ఎరుగని శిశువులు వరుస మంచాలపై పెరుగుతున్నారు. ఇస్లామీయ చరిత్ర, ధర్మశాస్త్రం ఈ విషయంలో ఏం చెబుతున్నాయి? గత 75 సంవత్సరాలుగా శిశు వైద్యులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు కనుగొన్న విషయాలు దానికి ఎంత దగ్గరగా ఉన్నాయి? వీటిని పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బనూ సఅద్ గుడారంలో

దైవప్రవక్త ముహమ్మద్ (స) పుట్టకముందే తండ్రి అబ్దుల్లాహ్ మరణించారు. ఆనాటి మక్కా నగర కుటుంబాలలో చంటిబిడ్డలను ఎడారి తెగల స్త్రీలకు అప్పగించే ఆచారం ఉండేది. ఎడారి గాలి ఆరోగ్యకరమని, అక్కడి అరబీ భాష స్వచ్ఛమైనదని వారి నమ్మకం. యాత్రికుల రాకపోకలతో కిక్కిరిసిన మక్కాలో అంటువ్యాధుల భయం కూడా ఉండేది. తొలిరోజులలో అబూ లహబ్ బానిస స్త్రీ సువైబా ఆయనకు పాలిచ్చింది. ఆమె పాలు తాగినందువల్లనే హజ్రత్ హమ్‌జా (ర) ఆయనకు పినతండ్రి కావడమే గాక పాల సోదరుడు కూడా అయ్యారు.

తర్వాత హవాజిన్ తెగకు చెందిన బనూ సఅద్ శాఖ స్త్రీలు పాలబిడ్డలకోసం మక్కాకు వచ్చారు. వారిలో హలీమా ఒకరు. ఇబ్నె ఇస్‌హాఖ్ సీరా గ్రంథంలో ఈ ఉదంతం ఆమె చెప్పినట్లుగానే నమోదై ఉంది. అది కరవు సంవత్సరం. ఆమె ఎక్కివచ్చిన గాడిద బక్కచిక్కి, తోటివారి వాహనాలకంటే వెనుకబడింది. వెంట ఉన్న ముసలి ఒంటె చుక్క పాలివ్వడంలేదు. ఆకలితో ఏడ్చే సొంత బిడ్డవల్ల రాత్రుళ్లు ఆ భార్యాభర్తలకు నిద్ర లేదు. వచ్చిన స్త్రీలందరికీ ఆమినా కుమారుణ్ణి చూపించారు. తండ్రి లేని బిడ్డ అనగానే ఒక్కొక్కరూ తప్పుకున్నారు. బిడ్డ తండ్రినుండి లభించే ప్రతిఫలమే వారి ఆశ. తల్లి, తాత ఏం ఇవ్వగలరన్నది వారి సందేహం. హలీమా కూడా మొదట ఆ బిడ్డను తీసుకోలేదు. తిరుగు ప్రయాణానికి అందరూ సిద్ధమైనా ఆమెకు మరో బిడ్డ దొరకలేదు. వట్టి చేతులతో వెళ్లడం ఇష్టంలేక, ఆ అనాథ బిడ్డనే తెచ్చుకుంటానని భర్త హారిస్‌తో చెప్పారు. దేవుడు అతనిలోనే మనకు శుభం కలిగించవచ్చునని ఆయన సమ్మతించాడు.

ఆ తర్వాత కథ ముస్లిం ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసిందే. ఆమె స్తన్యం ఇద్దరు బిడ్డలకూ సరిపోయింది. ఒంటె పొదుగు నిండింది. ఎండిన నేలపై మేసిన ఆమె గొర్రెలు కడుపునిండా తిని పాలతో తిరిగివచ్చాయి. ఈ శుభాలను వర్ణించేటప్పుడు మన ఉపన్యాసకులు సాధారణంగా ఒక విషయాన్ని దాటవేస్తారు. హలీమా తొలి నిర్ణయంలో గొప్ప త్యాగమేమీ లేదు. ఆమె బీదరాలు, తనకూ ఆకలి ఉంది, వేరే బిడ్డ దొరికితే అతన్నే తీసుకొని ఉండేవారు. కాని ఒకసారి ఒడిలోకి తీసుకున్నాక ఆమె మనసు మారింది. రెండేళ్లు నిండి పాలు మాన్పించాక బిడ్డను తల్లివద్దకు తీసుకువెళ్లినప్పుడు, మక్కాలో వ్యాధి భయముందని చెప్పి, బతిమాలి, మళ్లీ తనవెంట తెచ్చుకున్నది ఆమే. కూలికోసం వచ్చిన స్త్రీ రెండేళ్లలో తల్లి అయింది.

ఆ తర్వాత కూడా ఆయన బాల్యం ఒక ఒడినుండి మరో ఒడికి మారుతూనే వచ్చింది. ఆరేళ్ల వయసులో అబ్వా వద్ద తల్లి ఆమినా మరణించారు. అక్కడినుండి బిడ్డను మక్కాకు చేర్చినది ఉమ్మె ఐమన్ (ర). ఎనిమిదేళ్ల వయసులో తాత అబ్దుల్ ముత్తలిబ్ మరణించారు. పినతండ్రి అబూ తాలిబ్, ఆయన భార్య ఫాతిమా బింతె అసద్ (ర) తమ పిల్లలతోపాటు ఆయనను పెంచారు. ఖుర్ఆన్‌లోని 93వ సూరా ఆయనకు ఈ అనాథ స్థితిని, దానిలో లభించిన ఆశ్రయాన్ని గుర్తుచేసి, ఆ వెంటనే అనాథపై కాఠిన్యం చూపవద్దని ఆదేశిస్తుంది.

హునైన్ బందీలు, పాల ఋణం

ఆ పాల సంబంధం బాల్యంతో ముగిసిపోలేదు. ఆయన వివాహానంతరం ఒక కరవు సంవత్సరంలో హలీమా మక్కాకు వచ్చి తమ దుస్థితి చెప్పుకోగా, హజ్రత్ ఖదీజా (ర) ఆమెకు 40 గొర్రెలు, ఒక ఒంటె ఇచ్చినట్లు ఇబ్నె సఅద్ నమోదు చేశారు. మదీనాకు వలస వెళ్లాక కూడా సువైబాకు దైవప్రవక్త (స) కానుకలు పంపుతూ ఉండేవారు.

హిజ్రీ 8, అంటే క్రీ.శ. 630 లో హునైన్ యుద్ధం జరిగింది. ఎదుటి పక్షం హవాజిన్ తెగ. ఓడిపోయిన ఆ తెగ స్త్రీలు, పిల్లలు సుమారు 6,000 మంది బందీలయ్యారు. వారిలో ఒక స్త్రీ తాను దైవప్రవక్త (స) సోదరినని సైనికులతో చెప్పింది. ఆమె హలీమా కుమార్తె షైమా. ఆయనను చిన్నతనంలో ఎత్తుకొని తిప్పిన అక్క. గుర్తు ఏమిటని అడిగితే, చిన్నప్పుడు తన వీపుపై ఆయన కొరికిన పంటి గుర్తు చూపింది. ఆయన గుర్తుపట్టి, తన పైవస్త్రం పరచి ఆమెను దానిపై కూర్చోబెట్టారు. తనవద్ద ఉండిపోతే గౌరవంగా చూసుకుంటానని, తనవారివద్దకు వెళ్లదలిస్తే కానుకలతో పంపుతానని చెప్పారు. ఆమె తన తెగనే కోరుకుంది.

తర్వాత జిఅరానా వద్దకు హవాజిన్ ప్రతినిధులు వచ్చారు. వారు చేసిన వాదం రాజకీయమైనది కాదు. ఈ బందీల శిబిరంలో మీ పాల తల్లుల తోబుట్టువులు, మిమ్మల్ని ఎత్తి పెంచిన స్త్రీలు ఉన్నారన్నదే వారి విన్నపం. దైవప్రవక్త (స) తన వాటాకు, తన కుటుంబం వాటాకు వచ్చిన బందీలను అక్కడికక్కడే విడిచిపెట్టారు. అది చూసి ముహాజిర్లు, అన్సార్లు తమ వాటాలు వదులుకున్నారు. కొందరు నాయకులు ఒప్పుకోనప్పుడు, ఒక్కొక్క బందీకి బదులు ముందు ముందు లభించే సొమ్మునుండి ఆరు ఒంటెలు ఇస్తానని మాట ఇచ్చి ఆ బందీలను కూడా విడిపించారు. సుమారు 60 సంవత్సరాల క్రితం ఒక బీద స్త్రీ ఒక అనాథకు ఇచ్చిన పాలకు ఒక తెగ మొత్తానికి లభించిన ప్రతిఫలం ఇది.

వంశం వేరు, పెంపకం వేరు

ఖుర్ఆన్‌లో పరాయి ఇంట పెరిగిన శిశువుల కథలు ఇంకా ఉన్నాయి. ఫిరౌన్ ఇంట పెరిగిన మూసా (అ) ఏ దాది పాలూ పట్టకపోతే, తోబుట్టువు తెలివివల్ల కన్నతల్లే దాదిగా వచ్చి పాలిచ్చిన వృత్తాంతం 28వ సూరాలో ఉంది. 3వ సూరాలో బాలిక మర్యమ్ (అ) సంరక్షణ జకరియ్యా (అ)కు అప్పగించబడింది. అక్కడ వాడిన క్రియనుండే 'కఫాలత్' అన్న మాట ఏర్పడింది. పోషణభారాన్ని, రక్షణ బాధ్యతను తనపై వేసుకోవడమని దాని అర్థం. అనాథకు కఫీల్‌గా ఉన్నవాడు స్వర్గంలో తనకు రెండు వేళ్లంత చేరువగా ఉంటాడని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు సహీహ్ బుఖారీలో ఉంది.

33వ సూరా 4, 5 వాక్యాలు రద్దు చేసినది పెంపకాన్ని కాదు, కల్పిత వంశాన్ని. హజ్రత్ జైద్ (ర)ను అంతవరకు ముహమ్మద్ కుమారుడు జైద్ అని పిలిచేవారు. ఈ వాక్యాల తర్వాత ఆయన మళ్లీ హారిసా కుమారుడు జైద్ అయ్యారు. పేరు మారిందేగాని అనురాగం మారలేదు. ఆయన కుమారుడు ఉసామా (ర)ను దైవప్రవక్త (స) తన మనుమలతో సమానంగా ఒడిలో కూర్చోబెట్టుకునేవారు. తండ్రి ఎవరో తెలియనివారు ధర్మంలో మీకు సోదరులని అదే వాక్యం చెబుతుంది. అంటే పేరు లేని బిడ్డ బంధువులు లేని బిడ్డ కాకూడదు.

వంశాన్ని కాపాడుతూనే బంధుత్వాన్ని ఏర్పరచే మార్గం కూడా ఖుర్ఆన్ చూపింది. అదే స్తన్యపానం. 2వ సూరా 233వ వాక్యం పాలిచ్చే పూర్తి కాలాన్ని రెండు సంవత్సరాలుగా పేర్కొని, బిడ్డ కారణంగా తల్లికిగాని తండ్రికిగాని నష్టం కలగరాదని, దాదిని పెట్టుకుంటే ఆమెకు ఇవ్వవలసినది సక్రమంగా ఇవ్వాలని ఆదేశిస్తుంది. 4వ సూరా 23వ వాక్యం పాలిచ్చిన తల్లిని, పాల తోబుట్టువులను వివాహం నిషిద్ధమైనవారిలో చేర్చింది. ఎన్నిసార్లు తాగితే ఈ బంధం ఏర్పడుతుందన్న దానిపై ఇమాముల మధ్య భేదం ఉంది. హనఫీ, మాలికీ మతాలలో కొద్దిపాటి పాలు చాలు. షాఫిఈ, హంబలీ మతాలలో ఐదుసార్లు తాగాలి. శైశవంలో తాగిన పాలే లెక్కకు వస్తాయని నాలుగు మతాలవారూ చెప్పారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) 30 నెలలవరకు అంగీకరించగా, ఆయన శిష్యులిద్దరూ, మరికొందరు ఇమాములూ రెండేళ్లనే హద్దుగా తీసుకున్నారు.

ఇందులో లోతైన వివేకం ఉంది. పాలిచ్చిన స్త్రీకి ఆ బిడ్డ జీవితాంతం మహ్రమ్. పెరిగి పెద్దవాడైన తర్వాత ఆ ఇంట్లో అతనికి పరదా అడ్డు రాదు. వారసత్వం మాత్రం రాదు. అతని సొంత వంశం, సొంత ఆస్తి హక్కు చెక్కుచెదరవు. పెంచినవారు తమ జీవితకాలంలో అతనికి కానుకగా ఏమైనా ఇవ్వవచ్చు, వీలునామా ద్వారా ఆస్తిలో మూడో వంతు వరకు రాయవచ్చు.

రాత్రివేళ విన్న ఏడుపు

హజ్రత్ ఉమర్ (ర) పాలనలో శిశు సంరక్షణ రాజ్య బాధ్యతగా మారింది. ఆయన దీవాన్ ఏర్పాటుచేసి ప్రజలకు భత్యాలు నిర్ణయించినప్పుడు, పిల్లలకు పాలు మానిన తర్వాతనే భత్యం ప్రారంభమయ్యేది. ఒకసారి వర్తకుల బిడారు మదీనా శివార్లలో దిగింది. ఆ రాత్రి ఉమర్ (ర), అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (ర) కాపలా తిరుగుతుండగా ఒక శిశువు ఏడుపు వినవచ్చింది. ఉమర్ (ర) వెళ్లి తల్లిని మందలించి వచ్చారు. ఏడుపు ఆగలేదు. మూడోసారి వెళ్లినప్పుడు, తాను బిడ్డచేత పాలు మాన్పించడానికి ప్రయత్నిస్తున్నానని, పాలు మానితేగాని ఉమర్ భత్యం ఇవ్వడంలేదని ఆమె చెప్పింది. ఎదుట ఉన్నది ఎవరో ఆమెకు తెలియదు. ఆ తెల్లవారు నమాజులో ఆయన ఏడుపువల్ల పారాయణం వెనుకవారికి స్పష్టంగా వినిపించలేదని ఇబ్నె సఅద్ నమోదు చేశారు. తన నిబంధనవల్ల ఎందరు శిశువులు నష్టపోయారోనని ఆయన వేదన. బిడ్డలచేత తొందరపడి పాలు మాన్పించవద్దని, పుట్టిన ప్రతి శిశువుకూ భత్యం ఉంటుందని అదేరోజు చాటింపు వేయించారు.

దారిలో దొరికిన శిశువును అరబీలో లఖీత్ లేక మన్‌బూజ్ అంటారు. ఇటువంటి బిడ్డను తెచ్చినప్పుడు ఉమర్ (ర) అతనికి 100 దిర్హములు నిర్ణయించి, సంరక్షకుడు నెలనెలా తీసుకునేలా గ్రాసం ఏర్పాటు చేసేవారు. పాలిచ్చే దాది ఖర్చు, ఇతర పోషణ బైతుల్ మాల్‌నుండి చెల్లేవి. ఇమామ్ మాలిక్ (రహ్మ) ముఅత్తాలో ఒక ఉదంతం ఉంది. బనూ సులైమ్‌కు చెందిన సునైన్ అబూ జమీలాకు ఒక శిశువు దొరికింది. అతడు బిడ్డతో వచ్చినప్పుడు ఉమర్ (ర) మొదట అనుమానించి, ఎందుకు ఎత్తుకున్నావని ప్రశ్నించారు. వదిలేస్తే ప్రాణం పోతుందని ఎత్తుకున్నానని అతని జవాబు. అతడు సజ్జనుడని వారి తెగ పెద్ద సాక్ష్యమిచ్చాడు. అప్పుడు ఖలీఫా బిడ్డ స్వతంత్రుడని, సంరక్షణ అబూ జమీలాదని, పోషణ వ్యయం ప్రభుత్వానిదని తీర్పు ఇచ్చారు.

ఈ చిన్న ఉదంతంలో ఒక పూర్తి విధానం ఇమిడి ఉంది. శిశువును ఎత్తుకున్నవాని ఉద్దేశాన్ని విచారించారు. నడవడి గురించి సాక్ష్యం తీసుకున్నారు. బిడ్డ బానిస కాదని ప్రకటించారు. ఖర్చు రాజ్యం భరించింది. కాని బిడ్డను మాత్రం ఒక ఇంటికే అప్పగించారు.

ధర్మశాస్త్రంలో దొరికిన బిడ్డ

తర్వాతి ధర్మవేత్తలు ఈ తీర్పు పునాదిపై 'కితాబుల్ లఖీత్' అన్న ప్రత్యేక ప్రకరణాన్నే రూపొందించారు. ఇమామ్ సరఖ్సీ మబ్సూత్‌లోను, ఇతర మతాల ప్రామాణిక గ్రంథాలలోను ఇది కనిపిస్తుంది. ప్రాణాపాయం ఉన్నచోట బిడ్డను ఎత్తుకోవడం చూసినవానిపై విధి. ఒకరు ఆ పని చేస్తే ఇతరుల బాధ్యత తీరుతుంది, ఎవరూ చేయకపోతే అందరూ పాపులే. బిడ్డ స్వతంత్రుడని భావించడం మూల సూత్రం. బానిస అని వాదించేవాడే రుజువు చేసుకోవాలి. బానిస వ్యాపారం సాగుతున్న కాలంలో ఈ సూత్రం ఎందరిని కాపాడి ఉంటుందో ఊహించవచ్చు. బిడ్డవెంట దొరికిన సొమ్ము బిడ్డదే. ఎవరైనా తన బిడ్డేనని ముందుకు వస్తే, ఆ బిడ్డకు వంశం లభించే మేలును దృష్టిలో ఉంచుకొని సులభంగా అంగీకరించాలి. ఎత్తుకునేటప్పుడు సాక్షులను పెట్టుకోవాలని షాఫిఈ ధర్మవేత్తలు షరతు పెట్టారు. రేపు ఆ బిడ్డను ఎవరూ బానిసగా మార్చకుండా, తమ కన్నబిడ్డ అని బొంకకుండా ఇది కాపుదల. పట్టణంలో దొరికిన బిడ్డను ఎడారికి తరలించరాదని కూడా వారు చెప్పారు. అక్కడ బతుకు కష్టమే గాక, బంధువులు వెతుక్కుంటూ వస్తే దొరకడం కష్టం.

ఆచరణ ఎప్పుడూ శాస్త్రమంత ఉన్నతంగా ఉన్నదని చెప్పలేం. ధనికుల ఇళ్లలో పాలిచ్చిన దాదులలో చాలామంది బీదలు, బానిసలు. యజమాని బిడ్డకు పాలిస్తుంటే వారి సొంత బిడ్డలకు కొరత ఏర్పడిన సందర్భాలు ఉండక తప్పదు. కాని ఆ బీద స్త్రీని 'తల్లి' అని పిలవమన్న ధర్మం ఆమె గౌరవాన్ని కొంతవరకైనా కాపాడింది. హిందూదేశంలో మొగలు రాజవంశమే దీనికి ఉదాహరణ. 1542లో పుట్టిన అక్బరు దాది జీజీ అనగా భర్త షంసుద్దీన్ అత్కా ఖాన్ ఉన్నత పదవులు పొందాడు. వారి కుమారుడు మీర్జా అజీజ్ 'కోకా', అంటే పాల సోదరుడు. అతడు పదేపదే ధిక్కరించినా, మధ్య పాలనది ఒకటి ప్రవహిస్తున్నదని అక్బరు క్షమిస్తూ వచ్చాడు. ఉర్దూలో పాలిచ్చే దాదికి 'అన్నా' అన్న గౌరవ వాచకం ఆ తరంనాటి ఇళ్ల జ్ఞాపకమే.

ముస్లిం వైద్యులు కూడా ఈ విషయంపై శ్రద్ధ చూపారు. 10వ శతాబ్దంలో కైరవాన్‌లో ఇబ్నుల్ జజ్జార్, కొర్దోబాలో అరీబ్ బిన్ సఅద్ శిశు సంరక్షణపై గ్రంథాలు రాశారు. ఇబ్నె సీనా తన 'ఖానూన్'లో తల్లిపాలే శ్రేష్ఠమని, దాదిని ఎన్నుకోవలసివస్తే ఆరోగ్యంతోపాటు స్వభావం కూడా చూడాలని చెప్పాడు. కోపిష్ఠి, దిగులుమనిషి పనికిరాదని అతని అభిప్రాయం. శిశువు దేహానికి మెల్లగా ఊపడం, మనసుకు జోలపాట అవసరమని కూడా రాశాడు. పాలు ఒక్కటే చాలవు, ఎత్తుకొని ఊపే చేతులు, వినిపించే గొంతు కావాలని వెయ్యేళ్లనాడే అతడు గుర్తించాడు.

ఐరోపాలో శిశుశాలలు

ఐరోపా నగరాలు మరో మార్గం పట్టాయి. విడిచిపెట్టబడిన శిశువులకోసం అక్కడ పెద్ద పెద్ద భవనాలు లేచాయి. ఫ్లోరెన్స్‌లోని శిశుశాల 1445లో తొలి శిశువును స్వీకరించింది. థామస్ కోరమ్ కృషితో లండన్‌లో స్థాపించిన శిశుశాల 1741లో తలుపులు తెరిచింది. వాటి స్థాపకుల దయను శంకించనక్కరలేదు. కోరమ్ వీధులలో చనిపోతున్న శిశువులను చూడలేక 17 సంవత్సరాలు పాటుపడిన నావికుడు. లండన్ శిశుశాల కూడా పసివారిని పల్లెలలోని దాదులవద్దకే పంపేది. గంజి, ఆవుపాలు పట్టిన శిశువులకంటే దాది పాలు తాగినవారే ఎక్కువగా బతకడం అక్కడి నిర్వాహకులు గమనించారు.

కాని సంఖ్య పెరిగినకొద్దీ వ్యవస్థ కూలిపోయింది. పార్లమెంటు ధనసహాయం ఇచ్చి, వచ్చిన ప్రతి శిశువును చేర్చుకోవాలని షరతు పెట్టిన 1756–1760 మధ్యకాలంలో దాదాపు 15,000 మంది శిశువులు వచ్చిపడ్డారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులమంది చనిపోయారు. తగినంతమంది దాదులు దొరకలేదు. బతికిన పిల్లలను ఐదేళ్లకు పల్లెతల్లి ఒడినుండి తీసి మళ్లీ నగర భవనానికి తెచ్చేవారు. హలీమా బిడ్డను తల్లికి తిరిగి అప్పగించడానికీ, దీనికీ ఎంతో తేడా ఉంది. అక్కడ ఒక ఒడినుండి మరో ఒడికి మార్పు. ఇక్కడ ఒడినుండి వసతిగృహానికి.

ఆధునిక శాస్త్రం సాక్ష్యం

20వ శతాబ్దంలో వైద్యం పెరిగింది, క్రిముల గురించి తెలిసింది, శిశుశాలలు శుభ్రమయ్యాయి. అయినా శిశువులు వాడిపోతూనే ఉన్నారు. 1945లో రెనె స్పిట్జ్ అనే వైద్యుడు రెండు చోట్ల పెరుగుతున్న శిశువులను పోల్చి చూశాడు. ఒకటి కారాగారంలో తల్లులే తమ బిడ్డలను చూసుకునే శిశుగృహం. రెండోది ఆహారం, శుభ్రత, వైద్యం అన్నీ ఉన్న అనాథ శిశుశాల. అక్కడ ఒక్కొక్క దాదికి చాలామంది శిశువులు. కారాగారంలోని శిశువులు సాధారణంగా ఎదిగారు. శిశుశాలలో ఉన్నవారిలో రెండేళ్లలో మూడో వంతుకు పైగా చనిపోయారు. మిగిలినవారిలో చాలామందికి నడక, మాట సరిగా రాలేదు. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకోసం జాన్ బౌల్బీ సమర్పించిన నివేదిక, శిశువుకు ఒక స్థిరమైన వ్యక్తితో ఆప్యాయమైన, ఎడతెగని సంబంధం ఆహారమంత అవసరమని తేల్చిచెప్పింది.

దీనికి అత్యంత బలమైన రుజువు రుమేనియానుండి వచ్చింది. 1966లో అక్కడి ప్రభుత్వం జనాభా పెంచే ఉద్దేశంతో గర్భస్రావాన్ని, సంతాన నియంత్రణను దాదాపు నిషేధించింది. పోషించలేని తల్లిదండ్రులు బిడ్డలను ప్రభుత్వ శిశుశాలలకు అప్పగించారు. 1989లో ఆ ప్రభుత్వం కూలేనాటికి లక్షకు పైగా పిల్లలు వాటిలో ఉన్నారు. మంచాల వరుసలలో, ఏడ్చినా ఎవరూ రారని తెలిసి ఏడుపే మానేసిన శిశువులను ప్రపంచం అప్పుడు చూసింది.

2000లో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులు బుకారెస్ట్ నగరంలో ఒక పరిశీలన ప్రారంభించారు. శిశుశాలల్లో ఉన్న 6 నుండి 31 నెలల వయసుగల 136 మంది శిశువులను తీసుకున్నారు. చీటీ వేసినట్లు రెండు సమాన భాగాలు చేసి, 68 మందిని శిక్షణ, భత్యం పొందిన పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. మిగిలిన 68 మంది అప్పటి ఏర్పాటు ప్రకారమే సంరక్షణలో కొనసాగారు. కుటుంబాలకు వెళ్లిన పిల్లల ఎత్తు, బరువు త్వరలోనే పుంజుకున్నాయి. నాలుగున్నర ఏళ్ల వయసులో వారి సగటు తెలివితేటల సూచిక 81, రెండో భాగంవారిది 73. సంరక్షకులతో నిశ్చింతగా మెలిగే పిల్లలు కుటుంబాలలో దాదాపు సగంమంది ఉండగా, రెండో భాగంలో ఐదో వంతు కూడా లేరు. అన్నిటికన్నా ముఖ్యమైన విషయం వయసు. రెండేళ్లు నిండకముందే ఇల్లు దొరికినవారు ఎక్కువగా కోలుకున్నారు. ఎనిమిదేళ్ల వయసులో పరీక్షించినప్పుడు వారి మెదడు విద్యుత్ స్పందనలు సాధారణ కుటుంబాలలో పెరిగిన పిల్లల స్పందనలతో సమానంగా కనిపించాయి. ఆలస్యంగా వెళ్లినవారిలో ఆ మేరకు మార్పు రాలేదు. 2004లో చేసిన చట్టం ద్వారా రుమేనియా రెండేళ్లలోపు శిశువులను, తీవ్ర వైకల్యం ఉన్న సందర్భాలు మినహా, శిశుశాలల్లో ఉంచడం నిషేధించింది.

ఖుర్ఆన్ స్తన్యపానానికి చెప్పిన రెండేళ్ల హద్దునూ, శాస్త్రజ్ఞులు గుర్తించిన ఈ రెండేళ్లనూ ఒకే గాటన కట్టడం సరికాదు. మొదటిది ధర్మ నిర్ణయం, రెండోది ఇంకా సాగుతున్న పరిశోధన. ఈ పరిశోధనలు శైశవం తర్వాత ఆశ లేదని కూడా చెప్పలేదు. ఆలస్యంగానైనా ఇల్లు దొరికిన పిల్లలు కొన్ని విషయాలలో మేలు పొందారు. రెండు మార్గాలూ ఒక విషయంలో మాత్రం ఏకీభవిస్తున్నాయి: శిశువుకు కావలసినది భవనం కాదు, మనిషి. అదీ తొందరగా కావాలి.

నేటి కర్తవ్యం

1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 20వ అధికరణం, కుటుంబం కోల్పోయిన బిడ్డకు ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గాలలో పెంపుడు కుటుంబంతోపాటు ఇస్లామీయ ధర్మశాస్త్రంలోని 'కఫాలత్'ను పేరుపెట్టి పేర్కొన్నది. అల్జీరియా 1984 కుటుంబ చట్టంలోను, మొరాకో 2002 చట్టంలోను కఫాలత్‌కు నిబంధనలు ఏర్పాటు చేశాయి. బిడ్డను పెంచే స్త్రీ గాని, ఆమె సోదరి గాని శైశవంలోనే పాలిచ్చి మహ్రమ్ సంబంధం కల్పించుకునే పద్ధతి కొన్ని అరబ్బు దేశాలలో ప్రోత్సాహం పొందుతున్నది.

భారతదేశంలో 1890 నాటి సంరక్షకుల చట్టం కింద ముస్లిం కుటుంబాలు బిడ్డకు సంరక్షకులుగా నియామకం పొందే వీలు చాలాకాలంగా ఉంది. 2014లో సుప్రీంకోర్టు, బాలల న్యాయ చట్టం కింద ఏ మతస్థులైనా దత్తత స్వీకరించవచ్చునని, తమ మత ధర్మాన్ని పాటించదలచినవారిపై బలవంతం లేదని తీర్పు ఇచ్చింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 44వ సెక్షను పెంపుడు కుటుంబ సంరక్షణను గుర్తించింది. అందులో బిడ్డ వంశం మారదు, పేరు మారదు. షరీఅత్ దృష్టిలో ఇది కఫాలత్‌కు దగ్గరగా ఉన్న మార్గం.

ఒక జాగ్రత్త అవసరం. దారిలో దొరికిన శిశువును, ఆసుపత్రిలో ఎవరో ఇస్తామన్న శిశువును గుట్టుగా ఇంటికి తెచ్చుకోవడం పుణ్యకార్యం కాదు. దొరికిన బిడ్డను 24 గంటలలోగా బాలల సంక్షేమ సమితి ముందుకు తేవాలని చట్టం. 1098 నంబరుకు ఫోను చేసి తెలియజేయవచ్చు. దీన్ని ప్రభుత్వం పెట్టిన అడ్డంకిగా చూడనక్కరలేదు. అబూ జమీలా ఎదుర్కొన్న విచారణ, షాఫిఈ ధర్మవేత్తలు కోరిన సాక్షులు ఇదే పనికోసం. బిడ్డ తల్లిదండ్రులు వెతుక్కుంటూ రావచ్చు. బిడ్డ అమ్మకానికి గురికావచ్చు. బిడ్డ మేలు కోరేవాడు విచారణకు వెరవడు.

మస్జిదు కమిటీలు, జకాత్ సంఘాలు అనాథశాలల భవనాలకు ఇచ్చే ప్రాముఖ్యంలో కొంతైనా, బీదరికంవల్ల బిడ్డను వదులుకోబోయే తల్లికి, అనాథను పెంచుతున్న అమ్మమ్మకు, మేనత్తకు నెలనెలా సహాయం చేయడానికి ఇవ్వవలసి ఉంది. ఉమర్ (ర) భత్యం సంరక్షకుడి చేతికి అందింది. బిడ్డ ఇంట్లోనే ఉండిపోయాడు. బంధువులు ఎవరూ లేనప్పుడు పరాయి ఇల్లు, ఆ ఇల్లు కూడా దొరకనప్పుడే వసతిగృహం అన్న క్రమం మన చరిత్రలోనే ఉంది.

హలీమా కూడా ఆ రోజు మక్కానుండి వెనుదిరిగేవేళ సందేహించారు. ఆ బిడ్డవల్ల తనకేం వస్తుందని లెక్కవేసుకున్నారు. అయినా చివరికి వంగి ఆ అనాథను ఎత్తుకున్నారు. మిగిలినదంతా ఆ తర్వాతనే జరిగింది. నేడు సందేహిస్తున్న ముస్లిం కుటుంబాలకు ఆమె జీవితంలో ఉన్న పాఠం ఇదే. సందేహించడం తప్పు కాదు. ఆ సందేహం దగ్గరే ఆగిపోయి, ఒడి లేని బిడ్డను అక్కడే వదిలి రావడం తప్పు.